మరకలు పట్టిన పాత ఇన్‌గ్రౌండ్ స్పా: బాగు చేయించాలా, తీసేయించాలా?

డాలస్ చుట్టుపక్కలో, ఫీనిక్స్ వైపో, కాలిఫోర్నియాలోనో 1980ల్లో, 90ల్లో కట్టిన ఇల్లు కొన్న మనవాళ్లకి చాలాసార్లు పెరట్లో ఒక స్పా (వేడినీళ్ల తొట్టె) కూడా కలిసి వస్తుంది. పూల్‌కి ఆనుకుని గానీ, విడిగా గానీ, నేలలోకి దించి కట్టినది. ఫోటోల్లో నీలంగా మెరిసిపోతుంది. తీరా తాళాలు చేతికొచ్చాక మూత తీసి చూస్తే గోడల మీద గోధుమరంగు చారలు, అడుగున నల్లమచ్చలు, టైల్ వరస చుట్టూ తెల్లటి గార. పిల్లలు దిగుతామని గొడవ చేస్తుంటారు, మనకేమో కాలు పెట్టబుద్ధి కాదు.

అప్పుడు చాలామంది రెండే పనులు చేస్తారు. యాసిడ్ డబ్బా తెచ్చి పోసేస్తారు, లేదా ఎవరో కాంట్రాక్టర్ వచ్చి "మొత్తం తవ్వి కొత్తది కట్టాలి" అంటే తలూపేస్తారు. రెండూ తొందరపాటే. నా మాట వింటే, ముందు ప్రాణానికి సంబంధించినవి చూడండి, తర్వాత మరక ఏమిటో తెలుసుకోండి, ఆపైన తక్కువ ఖర్చుతో, తక్కువ నష్టంతో అయ్యే పని నుంచి మొదలుపెట్టి ఒక్కో మెట్టూ ఎక్కండి. కింద రాసిన వరస అదే.

1. మీ స్పా దేనితో కట్టారు?

ఇది తెలియకుండా ఏ సీసా మూతా తీయొద్దు. పూల్‌తో కలిపి కట్టిన స్పాలు ఎక్కువగా గునైట్‌వి, అంటే ఇనుప చువ్వల చట్రం మీద కాంక్రీటు చల్లి, దాని మీద అర అంగుళం లోపు మందంలో తెల్ల ప్లాస్టర్ పూసినవి. చెయ్యి రాస్తే గరుకుగా ఉంటుంది, పాతదైతే అక్కడక్కడా గుంటలు తగులుతాయి. విడిగా ఉన్న పాత స్పాలు చాలావరకు ఫైబర్‌గ్లాస్ తొట్టెలు, పైన జెల్‌కోట్ అనే నున్నటి పూత ఉంటుంది, వేలితో తడితే కాస్త బోలుగా మోగుతుంది. నేలలో దించిన యాక్రిలిక్ తొట్టెలు కూడా ఉన్నాయి, వాటిలో కూర్చునే చోట్లు ఒంపులు తిరిగి అచ్చుపోసినట్టు ఉంటాయి. ప్లాస్టర్‌కి చేసే వైద్యం ఫైబర్‌గ్లాస్‌కి చేస్తే పైపూత పాడవుతుంది, అందుకే ఈ తేడా ఇంత ముఖ్యం.

నీళ్లెన్ని పడతాయో కూడా లెక్క వేసుకోండి, మందులన్నీ దాని మీదే ఆధారపడతాయి. గుండ్రటి స్పా అయితే వ్యాసాన్ని వ్యాసంతో గుణించి, సగటు లోతుతో గుణించి, మళ్లీ 5.9తో గుణిస్తే గ్యాలన్లు వస్తాయి (కొలతలన్నీ అడుగుల్లో). కూర్చునే గట్టు ఆక్రమించిన చోటు తీసేస్తే ఇళ్లలో ఉండేవి చాలావరకు 500 నుంచి 1,000 గ్యాలన్ల మధ్య తేలతాయి.

2. మరక సంగతి తర్వాత, ముందు డ్రెయిన్

స్పా అడుగున నీళ్లు లాగే మెయిన్ డ్రెయిన్ మూత చూడండి. పగిలిందా, ఊగుతోందా, స్క్రూలు తుప్పుపట్టాయా, లేక చదునుగా పాతకాలపు జల్లెడ బిళ్లలా ఉందా? వీటిలో ఏదున్నా ఆ స్పాలో ఎవర్నీ దింపొద్దు. ఇది నేను భయపెట్టడానికి చెప్పడం లేదు. 2002లో వర్జీనియా గ్రేమ్ బేకర్ అనే ఏడేళ్ల పాప స్పా డ్రెయిన్ లాగేసుకోవడంతో పైకి రాలేక చనిపోయింది. ఆమె అమెరికా మాజీ విదేశాంగ మంత్రి జేమ్స్ బేకర్ మనవరాలు. ఆమె పేరుతోనే 2007 డిసెంబరులో చట్టం వచ్చింది, 2008 డిసెంబరు నుంచి అమెరికాలో అమ్మే డ్రెయిన్ మూతలన్నీ ఆ చట్టం చెప్పిన ప్రమాణాలకు తగినట్టు ఉండాలి. అయితే పాత మూతలు మార్చి తీరాలని ఆ చట్టం చెప్పింది పబ్లిక్ పూల్స్, స్పాలకే. మీ ఇంటి స్పాలో అంతకుముందు బిగించిన మూతే ఇంకా ఉంటే చాలాసార్లు అడిగేవాళ్లు ఉండరు, మీరే చూసుకోవాలి.

కొత్త మూత సాధారణంగా ఉబ్బెత్తుగా ఉంటుంది, దాని మీద ఎన్నేళ్లు పనిచేస్తుందో, నిమిషానికి ఎన్ని గ్యాలన్ల లాగుడుకి సరిపోతుందో ముద్రించి ఉంటుంది. మీ పంపు లాగే నీటి కన్నా ఆ అంకె ఎక్కువుండాలి. మూతతో పాటు వచ్చిన స్క్రూలే వాడండి. స్పాలో ఒకే ఒక్క డ్రెయిన్ ఉంటే, ప్లాస్టర్ పని చేయించేటప్పుడే కనీసం 3 అడుగుల దూరంలో రెండోది పెట్టించడం గురించి మాట్లాడండి. పొడవు జడలున్న ఆడపిల్లలు మనిళ్లలో ఎక్కువ, జుట్టు డ్రెయిన్‌లో చిక్కుకోవడం కూడా ఇలాంటి ప్రమాదాల్లో ఒక రకం. స్పాలో దిగేముందు జుట్టు ముడివేయడం ఇంట్లో నియమంగా పెట్టండి.

తర్వాత కరెంటు. నీళ్లలోని లైటు, బ్లోయర్ (జెట్లలోకి గాలి కొట్టేది), పంపు అన్నీ జీఎఫ్‌సీఐ (కరెంటు లీకైతే క్షణంలో ఆపేసే పరికరం) రక్షణ కింద ఉన్నాయా, చుట్టూ ఉన్న లోహపు భాగాలన్నిటినీ కలిపే రాగి తీగ (దీన్నే బాండింగ్ అంటారు) తెగిపోకుండా ఉందా అన్నది లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోండి. ఇది యూట్యూబ్ చూసి చేసుకునే పని కాదు.

మూడోది లీకు. ఒక బకెట్‌లో స్పా నీళ్లే నింపి, స్పా లోపలి మెట్టు మీద పెట్టి, బకెట్ లోపలా బయటా నీటి మట్టం గుర్తు పెట్టి, పంపు ఆపి 24 గంటలు వదిలేయండి. పూల్‌తో కలిసిన స్పా అయితే పంపు ఆపాక నీళ్లు వెనక్కి పూల్‌లోకి జారిపోతున్నాయేమో ముందు చూసుకోవాలి, అది లీకు కాదు, నీళ్లు వెనక్కి పోకుండా ఆపే చెక్ వాల్వ్ పాడైందని అర్థం. బకెట్‌లో తగ్గినదానికంటే స్పాలో బాగా ఎక్కువ తగ్గితే లీకుంది. లైటు చుట్టూ, జెట్ల అంచుల్లో, పగుళ్ల దగ్గర రంగు చుక్కలు వదిలి అవి ఎటు లాగబడుతున్నాయో చూస్తే చోటు దొరుకుతుంది. దొరక్కపోతే పైపులకు ప్రెషర్ టెస్ట్ చేయించండి. లీకున్న స్పాకి కొత్త ప్లాస్టర్ వేయించడమంటే డబ్బు మట్టిలో పోసుకోవడమే.

3. మరక దేనిదో కనిపెట్టడం

అన్ని మరకలూ ఒకటి కాదు. గోధుమ, పసుపు కలిసిన తుప్పురంగు అయితే సాధారణంగా ఇనుము. నీలం, పచ్చ కలిసిన చిలుము రంగు అయితే రాగి, ఒక్కోసారి ఇది నల్లగా కూడా కనిపిస్తుంది. ఊదా, నలుపు కలిసినది మాంగనీసు కావచ్చు. ఆకులు, పళ్లు రాలి కుళ్లిన చోట గోధుమో ఆకుపచ్చో మరకలు పడతాయి. తెల్లగా, బూడిదరంగులో గట్టిగా పేరుకున్నది కాల్షియం గార.

రంగు చూసి తీర్పు చెప్పేయకుండా చిన్న పరీక్షలు చేయండి. పాత సాక్సులో విటమిన్ సి మాత్రలు నలగ్గొట్టి వేసి, మరక మీద ఓ నిమిషం అదిమి పట్టండి. మరక వెలిసిపోతే ఇనుము. కదలకపోతే వేరే సాక్సులో పొడి యాసిడ్ (పీహెచ్ తగ్గించే పౌడర్) వేసి పట్టి చూడండి, దానికి కదిలితే రాగి అనుకోవచ్చు. ప్లాస్టర్ మీద మాత్రం, ఇంకోచోట క్లోరిన్ బిళ్లతో రుద్ది చూస్తే ఆకుల మరకలు తెల్లబడతాయి. ఒక పరీక్షకి వాడిన సాక్సు ఇంకోదానికి వాడొద్దు, క్లోరిన్‌నీ యాసిడ్‌నీ ఒకే చోట ఎప్పుడూ కలపొద్దు, విషవాయువు వస్తుంది. గార అయితే యాసిడ్ చుక్క వేయగానే నురగ కక్కుతుంది, కానీ కింద ఉన్న ప్లాస్టర్ కూడా అలాగే కక్కుతుంది కాబట్టి గార మీదే వేసి చూడండి.

ఇంకో రకం ఉంది. ఒకే చోట నాణెం అంత తుప్పు చుక్క, ఎన్నిసార్లు తోమినా మళ్లీ అక్కడే తేలుతుంది. అది లోపలి ఇనుప చువ్వ ప్లాస్టర్‌కి మరీ దగ్గరగా ఉండి తుప్పుపట్టడం. దానికి ఏ మందూ పనిచేయదు. అక్కడ చెక్కి, చువ్వని లోపలికి కోసేసి, హైడ్రాలిక్ సిమెంట్‌తో పూడ్చి, పైన ప్లాస్టర్ ప్యాచ్ వేయాలి.

మరక ఎక్కడినుంచి వచ్చిందో కూడా ఇప్పుడే ఆలోచించండి. ఇనుము చాలాసార్లు బావి నీళ్లలోంచి వస్తుంది. రాగి ఎక్కువగా రెండు దారుల్లో వస్తుంది, ఒకటి రాగి కలిసిన నాచుమందు, రెండోది హీటర్. నీళ్లు ఆమ్లంగా ఉండిపోతే హీటర్ లోపలి రాగి గొట్టాలు కొద్దికొద్దిగా కరిగి, ఆ రాగే గోడల మీద పడుతుంది. గోడ మీద చిలుము కనిపించిందంటే హీటర్ కూడా ఓసారి విప్పి చూపించాలి.

4. నీళ్లు ఉండగానే మొదటి ప్రయత్నం

ఆకుల మరకలైతే క్లోరిన్ కాస్త పెంచి, రోజూ బ్రష్ కొడుతూ వారం ఆగితే చాలావరకు పోతాయి. ప్లాస్టర్‌కి నైలాన్, స్టీల్ కలిసిన బ్రష్ పరవాలేదు, ఫైబర్‌గ్లాస్‌కి నైలాన్ మాత్రమే. స్టీల్ పీచు మాత్రం దేనికీ వద్దు, విరిగిన పోగులు తుప్పు పట్టి కొత్త మరకలు వేస్తాయి.

ఇనుము మరకలకు ఆస్కార్బిక్ యాసిడ్, అంటే విటమిన్ సి పొడే. రాగికి సిట్రిక్ యాసిడ్ మెరుగ్గా పనిచేస్తుంది, చింతపండుతో రాగి చెంబు తోమినట్టే అనుకోండి. పూల్ వాళ్లు 10,000 గ్యాలన్లకు ఒక పౌండు ఆస్కార్బిక్ యాసిడ్ లెక్క చెబుతారు, 800 గ్యాలన్ల స్పాకి అది 40 గ్రాముల లోపే. దానితో మొదలుపెట్టి, కదలిక లేకపోతే ఇంకాస్త కలపండి. వేసేముందు క్లోరిన్ సున్నా దగ్గరికి పడిపోవాలి, లేకపోతే వేసిన మందంతా క్లోరిన్‌ని చంపడానికే ఖర్చయిపోతుంది. పూల్‌తో కలిసిన స్పా అయితే వాల్వులు స్పా మోడ్‌లోకి తిప్పి, పూల్ నీళ్లు కలవకుండా చూసుకోండి.

పూల్ కంటే స్పాకి ఉన్న గొప్ప సదుపాయం ఇక్కడే. మందు వేశాక మరక మాయమైందంటే లోహం ఎక్కడికీ పోలేదు, నీళ్లలోకి వచ్చింది, అంతే. మళ్లీ క్లోరిన్ వేయగానే తిరిగి గోడకి పట్టుకుంటుంది. పూల్ అయితే వేల గ్యాలన్లు పారబోయలేరు కాబట్టి లోహాన్ని పట్టి ఉంచే మందులు నెలనెలా పోస్తూ ఉండాలి. స్పాలో అంత అవసరం లేదు, ఆ కొద్ది నీళ్లూ సబ్‌మెర్సిబుల్ పంపుతో తోడి పారేసి కొత్త నీళ్లు పట్టడమే మేలు. పూల్‌లోకి మాత్రం వదలొద్దు.

5. తోడేముందు ఒక్క నిమిషం ఆగండి

నేలలో ఉన్న ఖాళీ తొట్టెని కింద ఊరిన నీళ్లు పైకి నెడతాయి. వానలు పడ్డ వారంలో, హ్యూస్టన్ లాంటి నీటిమట్టం ఎక్కువున్న చోట్ల, ఫైబర్‌గ్లాస్ తొట్టె అయితే మరీనూ, ఖాళీ చేసిన స్పా నేలలోంచి లేచిపోవచ్చు, ఉబ్బి పగలవచ్చు. గునైట్ స్పాల అడుగున, కింది నీటి ఒత్తిడిని లోపలికి వదిలేసే హైడ్రోస్టాటిక్ వాల్వ్ ఉండొచ్చు, ఉందని నమ్మి కూర్చోవద్దు. పొడి వాతావరణం చూసుకుని తోడండి, ఖాళీగా ఎండలో రోజుల తరబడి వదలకండి, పాత ప్లాస్టర్ ఎండి పెచ్చులు లేస్తుంది. తోడేముందు హీటర్, పంపు బ్రేకర్లు ఆపేయడం మర్చిపోవద్దు.

నీళ్లు ఎక్కడికి వదలాలి అన్నదానికి ఊరికో నియమం ఉంది. చాలా నగరాల్లో వీధిలోకి, వాననీటి కాలువలోకి వదలడం తప్పు, ఇంటి సీవర్ క్లీనవుట్‌లోకి (మురుగు పైపుకి మూత బిగించి ఉండే నోరు) నెమ్మదిగా పంపమంటారు. సిటీ వెబ్‌సైట్‌లో రెండు నిమిషాలు వెతికితే తెలుస్తుంది.

6. యాసిడ్ వాష్, ప్లాస్టర్‌కి మాత్రమే

మన ఊళ్లలో బాత్రూం గచ్చు కడగడానికి యాసిడ్ సీసా కొని చెప్పులతోనే పోసేసే అలవాటు చాలా ఇళ్లలో చూశాం. ఆ ధైర్యం ఇక్కడ పనికిరాదు. బాత్రూంకి తలుపైనా ఉంటుంది, స్పా ఒక గుంట. యాసిడ్ ఆవిరి గాలికంటే బరువు, మీరు వంగి తోముతున్న చోటే పేరుకుంటుంది. నాకడిగితే ఇది మనిషిని పెట్టి చేయించుకునే పనే. సొంతంగా చేస్తే యాసిడ్ ఆవిరికి తగిన రెస్పిరేటర్ (మామూలు మాస్కు కాదు), కళ్లద్దాలు, రబ్బరు బూట్లు, పొడవు గ్లౌజులు ఉండాలి, గుంటలోకి గాలి కొట్టే ఫ్యాను పెట్టాలి, పైన ఇంకో మనిషి గొట్టంలో నీళ్లు వదిలి పట్టుకుని నిలబడి ఉండాలి.

హార్డ్‌వేర్ షాపుల్లో దొరికే 31 శాతం మ్యూరియాటిక్ యాసిడ్‌ని అంతే నీళ్లలో కలుపుతారు. నీళ్లలోకి యాసిడ్ పోయాలి, యాసిడ్‌లోకి నీళ్లు ఎప్పుడూ పోయకూడదు. నేను చెప్పేదేమిటంటే ఇంకా పలచగా, నాలుగు వంతుల నీళ్లకి ఒక వంతు యాసిడ్‌తో ఒక మూల ప్రయత్నించి చూడండి. ముందు గోడ తడపండి, చిన్న భాగం మీద పై నుంచి పోయండి, అర నిమిషం తోమి వెంటనే కడిగేయండి. అడుగున చేరిన యాసిడ్ నీళ్లలో సోడా యాష్ (పీహెచ్ పెంచే పొడి) కొద్దికొద్దిగా చల్లి, పొంగు ఆగి, పీహెచ్ కాగితం 7 దగ్గర చూపించాకే తోడాలి.

ఒక్క విషయం గుర్తుంచుకోండి, యాసిడ్ మరకని కాదు, మరక పట్టిన ప్లాస్టర్ పొరని తీసేస్తుంది. ఉన్నదే అర అంగుళం లోపు. కాంక్రీటు బూడిదరంగు ఇప్పటికే అక్కడక్కడా కనిపిస్తున్నా, స్క్రూడ్రైవర్ పిడితో తడితే చాలాచోట్ల డొల్లగా మోగుతున్నా యాసిడ్ వాష్ డబ్బు దండగ. నేరుగా కొత్త ప్లాస్టర్‌కి వెళ్లండి.

7. కొత్త ప్లాస్టర్

మామూలు తెల్ల ప్లాస్టర్, క్వార్ట్జ్ కలిపినది, పెబుల్ (గులకరాళ్లు కలిపినది) అని మూడు రకాలు దొరుకుతాయి. ఎక్కువ కాలం మన్నేది పెబుల్. వేడి నీళ్లు, జెట్ల ఒరిపిడి వల్ల స్పా ప్లాస్టర్ పూల్‌దాని కంటే ముందే అరుగుతుంది కాబట్టి తెల్ల ప్లాస్టర్ మీద ఆదా చేయడం నాకు నచ్చదు. పెబుల్‌లో కూడా చిన్న రాళ్లున్నది ఎంచుకోండి, పెద్ద రాళ్లది కూర్చుంటే గుచ్చుకుంటుంది.

స్పా ఒక్కదానికే పని చేయించినా ప్లాస్టర్ బృందం, మిక్సర్, పంపు అంతా కదిలి రావాలి. అందుకే కోట్ అనుకున్నదానికంటే ఎక్కువ కనిపిస్తుంది. పూల్ ప్లాస్టర్ కూడా ముసలిదైపోతే రెండూ కలిపి చేయించడమే లాభం, రంగు కూడా కలుస్తుంది.

కాంట్రాక్టర్‌ని ఇవి అడగండి, జవాబులు కాగితం మీద పెట్టించుకోండి. పాత ప్లాస్టర్ మొత్తం చెక్కేస్తారా, లేక పైనే బాండ్ కోట్ (కొత్త పొర అతుక్కోవడానికి వేసే పూత) వేసి పూస్తారా? ఇప్పటికే రెండు పొరలున్న చోట మూడోది పూస్తామంటే ఒప్పుకోవద్దు. టైల్ వరస, డ్రెయిన్ మూతలు, జెట్ల మూతలు ధరలో ఉన్నాయా? గ్యారంటీ స్పాకి కూడా వర్తిస్తుందా? ఇది చాలామంది అడగరు, కొన్ని గ్యారంటీల్లో స్పాని వేరుగా చూస్తారు. మొదటి నెల నీళ్లు చూసుకునేది ఎవరు? చెక్కేటప్పుడు వచ్చే ధూళిలో సిలికా ఉంటుంది, ఊపిరితిత్తులకి చాలా చెడ్డది, ఆ రోజు కిటికీలు మూసి పిల్లల్నీ పెద్దవాళ్లనీ లోపలే ఉంచండి.

ప్లాస్టర్ వేశాక నీళ్లు నింపడం మొదలుపెడితే పైదాకా ఆపకూడదు, ఆపిన చోట గీత పడుతుంది. మొదటి రెండు వారాలు రోజుకి రెండుసార్లు బ్రష్. కొత్త ప్లాస్టర్ పీహెచ్‌ని పైకి నెడుతూనే ఉంటుంది, రోజూ చూసి సరిచేయాలి. హీటర్‌నీ బ్లోయర్‌నీ, ప్లాస్టర్ వేసిన వాళ్లు సరే అనేదాకా ముట్టుకోవద్దు, చాలామంది 28 రోజులు ఆగమంటారు. ఉప్పు పూల్ అయితే ఉప్పు కూడా అప్పటిదాకా వేయొద్దు.

8. ఫైబర్‌గ్లాస్ లేదా యాక్రిలిక్ అయితే

రంగు వెలిసి పొడి రాలుతుంటే, పగుళ్లు పైపైనే ఉంటే పాలిష్, జెల్‌కోట్ మరమ్మతుతో కొన్నేళ్లు గడుస్తుంది. బొబ్బలు లేస్తే అవి తెరిచి, ఆరబెట్టి, వినైల్ ఎస్టర్ రెసిన్‌తో పూడ్చి మళ్లీ పూత వేయాలి, ఇది బాగా తెలిసిన మనిషి పని. ఎపాక్సీ పెయింటు చవకగా కనిపిస్తుంది కానీ వేడి నీళ్లలో త్వరగా సుద్దలా రాలుతుంది, ఇల్లు అమ్మేముందు అందం కోసం తప్ప నేను సిఫారసు చేయను. యాక్రిలిక్ తొట్టె నిలువునా చీలితే దాన్ని మార్చడమే, అంటే చుట్టూ డెక్ కూడా పగలగొట్టాలి.

9. మార్చేయడం, తీసేయడం

గోడ పగిలి రెండు వైపులా ఎత్తు తేడా వచ్చినా, నేల కింద పైపులు చాలాచోట్ల లీకవుతున్నా, లేదా ఇంట్లో ఎవరూ ఏడాదికి నాలుగుసార్లు కూడా దిగకపోయినా తీసేయడం గురించి ఆలోచించండి. విడిగా ఉన్న స్పా అయితే తేలిక. సిటీ పర్మిట్, హెచ్ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) అనుమతి తీసుకుని, తవ్వేముందు 811కి ఫోన్ చేస్తే భూమిలోని గ్యాస్, కరెంటు కంపెనీల లైన్లు ఉచితంగా గుర్తుపెట్టి వెళ్తారు. కొందరు పైభాగం పగలగొట్టి, అడుగున రంధ్రాలు కొట్టి, కంకర, మట్టి పూడుస్తారు. అది చవక, కానీ ఆ చోట తర్వాత గది కట్టలేరు, ఇల్లు అమ్మేటప్పుడు ఆ సంగతి చెప్పాలి. పూల్‌తో గోడ పంచుకున్న స్పాని మాత్రం ఇంజినీర్ చూడకుండా ముట్టుకోవద్దు, ఆ గోడ పూల్‌ది కూడా.

ఆ స్థానంలో విడి హాట్ టబ్ పెట్టాలనుకుంటే అడుగున దిట్టమైన కాంక్రీటు పలక కావాలి, పెద్దవాటికి సాధారణంగా 240 వోల్టుల, 50 ఆంప్స్ లైను కావాలి. ఆపే స్విచ్ నీళ్లకి కనీసం 5 అడుగుల దూరంలో, కానీ కంటికి కనిపించే చోట ఉండాలి. తల్లిదండ్రులు ఇండియా నుంచి వచ్చి ఆరేసి నెలలు ఉండే ఇళ్లలో నేను దీనికే మొగ్గుతాను, మూతకి తాళం ఉంటుంది, మట్టం పైన ఉంటుంది కాబట్టి చీకట్లో ఎవరూ కాలుజారి పడరు. ఎక్కడానికి మాత్రం గట్టి మెట్లు, పట్టుకోవడానికి కడ్డీ పెట్టించండి. ఏ స్పా అయినా 104 డిగ్రీల ఫారన్‌హీట్ దాటకూడదు, బీపీ, గుండె సమస్యలున్నవాళ్లు డాక్టర్‌ని అడిగాకే దిగాలి.

10. మళ్లీ మరక పట్టకుండా

ప్లాస్టర్ స్పాలో పీహెచ్ 7.2 నుంచి 7.8, ఆల్కలినిటీ (పీహెచ్‌ని నిలకడగా ఉంచే గుణం) 80 నుంచి 120 పీపీఎం, కాల్షియం 200 నుంచి 400 పీపీఎం మధ్య ఉంచండి. వీటన్నిటినీ, నీటి వేడినీ కలిపి నీళ్లు ప్లాస్టర్‌ని తింటున్నాయా, గార పోస్తున్నాయా అని చెప్పే లెక్క ఒకటుంది, 1936లో లాంజెలియర్ అనే ఆచార్యుడు ప్రచురించినది. ఫోన్ యాప్‌లలో దొరుకుతుంది, సున్నా దగ్గర ఉంటే మంచిది. నీళ్లు వేడెక్కిన కొద్దీ గార వైపు జరుగుతుంది కాబట్టి స్పా లెక్క 100 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర వేయండి, పూల్ లెక్కతో సరిపెట్టొద్దు. క్లోరిన్ బిళ్లలు స్కిమ్మర్‌లో (నీటి మీద తేలే చెత్త లాగే గూడు) పడేసి వదిలేయడం మానండి, అవి పీహెచ్‌ని పడేసి హీటర్‌ని తింటాయి.

చివరగా, నింపే నీళ్లు. కొళాయి నీళ్లు ఒక సీసాలో పట్టి పూల్ షాపులో ఇనుము, రాగి పరీక్ష చేయించండి, చాలా షాపులు ఉచితంగానే చేస్తాయి. లోహం ఉందని తేలితే, లేదా మీది బావి నీళ్లయితే, గొట్టం చివర బిగించే మెటల్ ఫిల్టర్ కొని దాని ద్వారానే నింపండి. తగ్గిన నీళ్లు పోసేటప్పుడు కూడా అదే గొట్టం వాడండి, స్పాలో ఆవిరి ఎక్కువ, పోసిన ప్రతిసారీ కొంచెం లోహం చేరుతూనే ఉంటుంది.